కుశాగ్రబుద్ధికి ఆశ్రయము

మిక్కిలి చురుకైన బుద్ధి గల బాలుని మన పెద్దలు కుశాగ్రబుద్ధి యనిరి. దర్భకొన వలె సన్ననై, వాడియై, ఎంతటి సూక్ష్మవిషయమునందైనను చొరగల బుద్ధి యని దాని భావము. దర్భలు కోయుటకు చేలగట్లకు పోయినవారికి తెలిసిన సంగతి మరియొకటి కలదు. పట్టుట తెలియనివాని వ్రేలిని ఆ దర్భ చీల్చును. వ్రేలు తెగకుండ దర్భను కోసి తేగలవానికే మొదట కుశలుడని పేరు వచ్చినదనియు, పిదప నేర్పరియైన ప్రతివానికిని ఆ మాట వాడుకయైనదనియు ఆలంకారికులు చెప్పుదురు. కావున బిడ్డ కుశాగ్రబుద్ధి యైనచో వానిని పెంచువారును, చదువు చెప్పువారును కుశలులు కావలసియున్నది. మొదటి మాటను ఇరుగుపొరుగుల యెదుట అందరును సంతోషముతో చెప్పుకొందురు. రెండవదానిని జ్ఞాపకముంచుకొనువారు అరుదు.

ఉపనిషత్పాఠమునకు ముందు గురువును శిష్యుడును కలిసి పఠించు శాంతిమంత్రమొకటి తైత్తిరీయమున కలదు. తమ్మిద్దరిని కలిపి రక్షింపుమనియు, కలిపి పోషింపుమనియు, ఇద్దరును కూడి పాటుపడవలెననియు, తమ చదువు తేజస్సు కలదై వెలుగవలెననియు అందలి ప్రార్థన. కట్టకడపటి కోరిక విచిత్రమైనది. ఒకరినొకరు ద్వేషింపకుండునట్లు అనుగ్రహింపుమని వారు వేడుకొందురు. వేదాంతము నేర్పువానికిని నేర్చువానికిని నడుమ ద్వేషమెట్లు పుట్టునని సందేహము కలుగవచ్చును. మందబుద్ధియైన శిష్యునిపై గురువునకు విసుగు కలుగును, జాలి కలుగును, ద్వేషము కలుగదు. గురువు చూపిన మేరను దాటి శిష్యుడు చూడగలిగిననాడే దానికి తావు దొరకును. ఋషులు ఆ దినమును ముందే ఊహించిరి కాబోలు, ప్రతిదినము పాఠమునకు ముందు ఇద్దరి నోటను ఈ మాట పలికించిరి.

అట్టి దినము కాంచీపురములో యాదవప్రకాశుని పాఠశాలలో వచ్చెను. క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున అవతరించిన భగవద్రామానుజులు యౌవనమున వేదాంతము చదువుటకై ఆయనను ఆశ్రయించిరి. యాదవప్రకాశుడు సామాన్యుడు కాడు. దేశదేశముల విద్యార్థులు వెదకికొని వచ్చిన పండితుడు. ఒకనాడు శ్రీరామానుజులు గురువునకు తైలమర్దనము చేయుచుండగా ఛాందోగ్యములోని యొక వాక్యము ప్రసంగమునకు వచ్చెను. ఆదిత్యమండలమున వెలుగు పరమపురుషుని నేత్రములను వర్ణించు వాక్యమది. గురువు అందలి ఉపమానమును కోతి శరీరములోని యొక నీచభాగముతో ముడిపెట్టి అర్థము చెప్పెను. వినుచున్న శిష్యుని కన్నులనుండి జారిన వేడి కన్నీటిబొట్టు గురువు తొడపై పడెను. అడుగగా, సూర్యకిరణములచేత వికసించిన తామర వంటి నేత్రములని ఆ పదమును విడదీసి అర్థము చెప్పవచ్చునని శ్రీరామానుజులు విన్నవించిరి.

గురుపరంపరా గ్రంథములలోని ఈ కథ భక్తులందరెరిగినదే. అయినను ఆ కన్నీటిబొట్టు దగ్గర కొంత నిలువవలయును. శిష్యుడు నవ్వలేదు, తోటివారివైపు తిరిగి కనుసైగ చేయలేదు, వాదమునకు దిగలేదు. తాను ప్రేమించు వస్తువునకు హీనత కలిగినదని దుఃఖించెను. ఇతరులు విని మరచు మాట అట్టి బాలుని ఎద లోపల ముల్లువలె నాటుకొనును. ఎంత సూక్ష్మముగ గ్రహించునో అంత తీవ్రముగ నొచ్చుకొనును. ఈ రెండును ఒక్క చెట్టు కొమ్మలే. పెద్దలు మొదటి కొమ్మను మెచ్చుకొని రెండవదానిని మొండితనమనియు, ఏడ్పుగొట్టుతనమనియు నిందించుట కద్దు.

యాదవప్రకాశుడు కన్నీటిని చూడలేదు, తన వ్యాఖ్యకు కలిగిన భంగమునే చూచెను. ఆ అసూయ ముదిరి, కాశీయాత్ర నెపమున శిష్యుని తీసికొనిపోయి దారిలో కడతేర్చవలెనను ఆలోచనవరకు పోయినదని పరంపర చెప్పుచున్నది. పినతల్లి కుమారుడగు గోవిందుడు సంగతి తెలిసికొని, వింధ్యారణ్యమున అన్నగారిని రహస్యముగ తప్పించెను. దిక్కుతోచక తిరుగుచున్న ఆ యువకునికి బోయదంపతులు తోడై వచ్చిరి. రాత్రి దాహమైనదని బోయవనిత నీరడిగెను. తెల్లవారి బావినుండి నీరు తెచ్చి యిచ్చుసరికి దంపతులు కానరాలేదు, ఎదుట కాంచీనగర గోపురము కనబడెను. వచ్చినవారు పేరుందేవి తాయారు, వరదరాజస్వామి యని శ్రీవైష్ణవుల విశ్వాసము.

ఇచట పౌరాణికులు సాధారణముగ అద్భుతమును వర్ణించి ముందునకు పోవుదురు. తరువాత జరిగినది అంతకంటె ఉపకరించునట్టిది. ఇంటికి చేరిన కుమారుని తల్లి కాంతిమతి తిరుక్కచ్చినంబి యను కాంచీపూర్ణుల సలహా తీసికొమ్మనెను. వారు వరదరాజస్వామికి వింజామర వీచు భాగవతోత్తములు. కులముచేత బ్రాహ్మణులు కారు, తర్కవేదాంతములు బోధించు పండితులును కారు. వారు ఆ యువకునికి చెప్పిన పని మిక్కిలి చిన్నది. దాహము తీర్చిన ఆ బావినుండియే ప్రతిదినము ఒక బిందె తీర్థము స్వామికి తెచ్చి సమర్పింపుమనిరి. శాస్త్రవాదములచేత వేడెక్కిన బుద్ధికి, ద్వేషముచేత గాయపడిన మనస్సునకు ఇంతకంటె చల్లని ఔషధము దొరకదు. బిందె భుజముపై పెట్టుకొని నడచువేళ ఎవరిని జయింపవలసిన పని లేదు, ఎవరికిని తన ప్రజ్ఞ చూపవలసిన పని లేదు. కాంచీపూర్ణులతో కూర్చున్నపుడు మాటకు మాట అప్పగింపవలసిన పనియు లేదు. చదువు చెప్పు గురువు వేరు, మనస్సు కుదుటపరచు పెద్ద వేరు. ఒక్కరియందే రెండును దొరకుట అదృష్టము. దొరకనిచోట తల్లి ఆ రెండవవానిని వెదకి యిచ్చెను. కాంతిమతి చేసిన ఈ పనిని గూర్చి ఉపన్యాసములలో చెప్పుకొనుట తక్కువ.

యాదవప్రకాశుడు ఆమీదట తన తల్లి హితవు చేతనే మారి, శిష్యునే ఆచార్యునిగ స్వీకరించి గోవిందజీయరు అను పేర సన్న్యసించి, యతిధర్మసముచ్చయమను గ్రంథమును రచించిరి. అంతటి విద్వాంసులు చివరకు తమ్ము తాము గెలిచిరనుట వారికి గౌరవమే. కాని ఆ గెలుపునకు పట్టిన కాలములో శిష్యుని ప్రాణము మీదికి వచ్చినదనుటయు మరువరానిది.

ఇదే శిష్యునితో ఇదే చిక్కు మరియొక గురువునకును కలిగెను. శ్రీరంగమునకు చేరిన పిదప ఆళవందారుల శిష్యులైదుగురు శ్రీరామానుజులకు సంప్రదాయార్థములను ఉపదేశించిరి. వారిలో మాలాధరులని పేరొందిన తిరుమాలై ఆండాన్ తిరువాయ్మొళికి అర్థము చెప్పుచుండిరి. రెండవ శతకములో ఒక పాశురమునకు వచ్చునప్పటికి, జ్ఞానము లేని కాలముననే తనకు ప్రేమ కలిగించి మరల దేహసంబంధమునందే ఉంచితివే యని ఆళ్వారు దుఃఖించుచున్నారని ఆండాన్ చెప్పిరి. శ్రీరామానుజులు ఒప్పుకొనలేదు. ముందు పాశురములును వెనుక పాశురములును ఆళ్వారుల ఆనందమునే చెప్పుచుండగా, నడుమనున్న ఈ యొక్కటి దుఃఖమునెట్లు చెప్పును, ఇదియు ఉపకారమును తలచి పొంగిన మాటయే కావలెను గదా యనిరి. ఆండాన్ నొచ్చుకొనిరి. ఇది ఆళవందారుల సన్నిధిలో విన్న అర్థము కాదు, విశ్వామిత్రసృష్టి వంటిది యని పలికి పాఠమును ఆపివేసిరి.

పాఠము ఆగినదన్న వార్త తిరుక్కోష్టియూరునకు పోయెను. గోష్ఠీపూర్ణులు శ్రీరంగమునకు వచ్చి కారణము విచారించిరి. అంతయు విని, ఆ రెండవ అర్థమును కూడ ఆళవందారులు చెప్పగా తాము విన్నామనిరి. అంతటితో ఊరకుండక, సాందీపని కృష్ణునికి చదువు చెప్పినట్లు మీరు ఈయనకు చెప్పుచున్నారని తెలిసికొనుడు, ఎరుగనివానికి తెలుపుచున్నామని తలంపవలదని హితవు చెప్పిరి. ఆండాన్ మరల పాఠము మొదలుపెట్టిరి. ఆ తరువాతను శ్రీరామానుజులు పలుచోట్ల, ఆళవందారులు ఇట్లు చెప్పియుండరని తోచుచున్నదని మనవి చేయుచునే యుండిరి. ఎన్నడును చూడని ఆళవందారుల హృదయము మీకెట్లు తెలియునని ఆండాన్ ఒకమారు అడుగగా, వారికి తాను ఏకలవ్యుని వంటివాడనని బదులు వచ్చెను.

ద్రోణుని పేరెత్తకయే ఏకలవ్యుని తలచుకొనిన ఆ వాక్యము ఎంత బరువైనదో భారతమెరిగినవారికి చెప్పనక్కరలేదు. ప్రతిభ గల శిష్యుని బొటనవ్రేలు అడుగు గురువులును లోకమున ఉన్నారు. ఆండాన్ అడుగలేదు. కొంతకాలము అలిగిరి, పాఠమాపిరి, అదియు మానవసహజమే. నడుమకు వచ్చిన పెద్ద చెప్పినది విని మరల కూర్చుండిరి, కూర్చుండి శిష్యుడు చెప్పునదానిని ఆలకించిరి. యాదవప్రకాశునకు లేక ఆండానునకు ఉన్నది ఏది? పాండిత్యములో ఇద్దరును ఉద్దండులే. ఆండానునకు తనపైన ఆళవందారులను ఒక ఆచార్యులు ఉండిరి. తాను చెప్పు అర్థము తన సొత్తు కాదు, గురువుల సొత్తు. తన సొత్తు కానిదానిని శిష్యుడు సరిదిద్దినపుడు అభిమానము నొచ్చినను అది నిలువదు. గోష్ఠీపూర్ణుల వంటి సతీర్థ్యులు ఉండుటయు గొప్ప భాగ్యమే. ఒంటరి గురువునకు అలుక తీర్చువారుండరు.

గోష్ఠీపూర్ణులు స్వయముగ శ్రీరామానుజులను పదునెనిమిది మారులు త్రిప్పి త్రిప్పి కాని రహస్యార్థము చెప్పలేదు గదా, అది మాత్రము కాఠిన్యము కాదా యని కొందరడుగుదురు. త్రిప్పినది విషయముయొక్క బరువు తెలియుటకే కాని శిష్యుని బరువు తగ్గించుటకు కాదు. పరీక్షకును మాత్సర్యమునకును భేదము శిష్యునికి తెలియును. పసివానికైనను తెలియును.

కాంచీపురముననే రెండు శతాబ్దముల పిదప జరిగినదని చెప్పు ముచ్చట యొకటి ఇచట తగియున్నది. వరదరాజస్వామి కోవెలలో నడాదూర్ అమ్మాళ్ కాలక్షేపము చేయుచుండగా, అప్పుళ్ళార్ తన మేనల్లుని అయిదేండ్లవానిని వెంటబెట్టుకొని వచ్చిరి. బాలుని తేజస్సు చూచి అమ్మాళ్ పాఠమాపి పలుకరించిరి. మరల మొదలిడబోగా ఎచట ఆపినదియు ఎవరికిని తోచలేదు. ఆ పసివాడే చెప్పెను. వాడే వేదాంతదేశికులు. తాము మిక్కిలి వృద్ధులగుటచే ఇంతటి బాలునికి తుదివరకు చదువు చెప్పజాలమని అమ్మాళ్ గ్రహించి, ఆ భారమును మేనమామకే అప్పగించిరి. తన శిష్యుడని చెప్పుకొను కీర్తికంటె బాలుని అవసరమును పెద్దగా చూచుట ఇట్టిదే.

వేదపాఠశాలలలో సంత చెప్పు పద్ధతి తెలిసినవారు ఈ అవసరమును సులభముగ గుర్తింతురు. గురువు ఒకమారు చెప్పును, పిల్లలు రెండుమారులు చెప్పుదురు. పదిమంది కూర్చున్నచోట ఒకనికి మొదటి దినముననే పనస నోటికి వచ్చును, తక్కినవారికి నాలుగు దినములు పట్టును. ఆ మూడు దినములు వాడేమి చేయవలెను? ఊరక కూర్చుండుమందురు. ఊరకుండలేక ప్రక్కవాని పిలక లాగును, దెబ్బలు తినును, అల్లరివాడని పేరు పొందును. కొందరు గురువులు వానిచేత వెనుకబడినవారికి చెప్పింతురు. మంచిదే, ఓర్పు అలవడును. కాని ఏడాది పొడుగున అదే పని యైనచో వాడు పెట్టుటయే కాని తినుట ఎరుగని వంటవాడగును. వానికి ముందు పనస చెప్పవలయును, లేదా అర్థము తెలిసిన పెద్ద దగ్గర సాయంకాలము ఒక గడియ కూర్చుండబెట్టవలయును. ఇదంతయు చేసినను, ఆటవేళకు తక్కిన పిల్లలతో పాటు ఆడనీయవలెను. బుద్ధి పదునెనిమిదేండ్లదైనను వయస్సు ఎనిమిదేండ్లదే గదా. రాత్రి తల్లి జ్ఞాపకము వచ్చునపుడు వాడును తక్కినవారివలెనే ఏడ్చును.

శ్రీపెరుంబూదూరున ఆ అవతారము జరిగిన ఎనిమిది వందల డెబ్బది యేండ్లకు, అదే సంప్రదాయమునకు చెందిన ఇంట, అదే నామముతో మరియొక కుశాగ్రబుద్ధి జన్మించెను. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో పుట్టి, కుంభకోణమున శార్ఙ్గపాణిస్వామి సన్నిధివీధిలో పెరిగెను. తండ్రి బట్టలకొట్టులో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ నామక్కల్ నామగిరి తాయారు భక్తురాలు. కుమారునితో ఇంట కూర్చుండి పులిజూదము ఆడెడిది. తనకు తోచు గణితసూత్రములు తాయారు అనుగ్రహమేయని రామానుజన్ చెప్పుచుండెడివాడని వారినెరిగినవారు వ్రాసిరి.

చిన్ననాడు ఒక లెక్కల పరీక్షలో నలువదియైదు మార్కులకు తనకు 42, స్నేహితునికి 43 వచ్చుటచేత ఏడ్చుచు ఇంటికి పరుగెత్తి, ఆ స్నేహితునితో మాటలాడుట మానెనట. వినువారికి నవ్వు వచ్చును. కాని ఆ కన్నీరు పెరిగి పెద్దదైన విధము నవ్వవలసినది కాదు. 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరి, గణితము తప్ప మరేదియు చదువనొల్లక తప్పగా, వేతనము పోయెను. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి, రైలెక్కి మన విశాఖపట్టణమునకు వచ్చెను. తరువాత చెన్నపట్టణమున మరల చదివి మరల తప్పెను. లెక్కలలో ఆచార్యులకు కూడ అందని బాలుడు తక్కిన విషయములలో పదునెనిమిదేండ్లకే పనికిరానివాడని ముద్ర వేయించుకొనెను.

అప్పుడు ఆదుకొన్నవారిలో ఒకరు తెలుగుదేశమున అధికారము చేయుచుండిరి. 1910లో నెల్లూరు కలెక్టరుగా నున్న ఆర్. రామచంద్రరావుగారి యొద్దకు ఆయన చేరెను. మాసిన బట్టలు, గీయని గడ్డము, చంకలో నోటుపుస్తకము, వెలుగు కన్నులు. ఆ పుస్తకములోని గణితము రామచంద్రరావుగారికి పూర్తిగ అర్థము కాలేదు. నీకేమి కావలెనని అడిగిరి. తిండికి కొంచెము దొరకి పరిశోధన చేసికొనుటకు తీరిక యుండిన చాలునని సమాధానము వచ్చెను. మొదట సందేహించినను, తుదకు నెలకు 25 రూపాయలు తమ చేతినుండి పంపిరి. అర్థము కానిదానిని అర్థము కాలేదని ఒప్పుకొని, అయినను ఆదరించుట చిన్న గుణము కాదు. కొంతకాలమునకు ఉచితముగ పుచ్చుకొనుట రామానుజన్‌కే ఇష్టము లేకపోయెను. 1912 మార్చిలో చెన్నపట్టణపు పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పనిలో చేరెను.

ఆ కార్యాలయమున మేనేజరు నారాయణయ్యరు తాను గణితమెరిగినవారు. రాత్రివేళ ఇద్దరును చెరియొక పలక పట్టుకొని లెక్కలు చేయుచుండెడివారు. రామానుజన్ ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు దుముకుచుండగా, నా వంటివాని కొరకు ఆ రెంటి నడుమ పది మెట్లు వేయుమని ఆయన అడుగుచుండెడివారట. పై అధికారి క్రింది గుమాస్తాను ఇట్లడుగుట నేటికిని అరుదే. ఇతరులకు బోధపడునట్లు వ్రాయవలెనను అలవాటు ఆయన కొంతైనను ఆ పలకల దగ్గర నేర్చెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి జాబు వ్రాయుట, 1914 మార్చిలో ఓడ ఎక్కుట అందరెరిగినవే. సముద్రప్రయాణమునకు ఒప్పని తల్లి, నామగిరి తాయారు స్వప్నమున సెలవిచ్చినదని చెప్పి అంగీకరించెను.

హార్డీ ఉత్తమ గురువు. రామానుజన్‌కు తెలియని ఆధునిక గణితమును నేర్పవలెను, కాని పట్టుబట్టి నేర్పినచో ఆత్మవిశ్వాసము చెడునేమో, లోపలి ఊట ఎండునేమో యని భయపడి జాగ్రత్తతో నేర్పెను. తాను నేర్పినదానికంటె నేర్చుకొన్నదే ఎక్కువయని తరువాత వ్రాసెను. తిరుమాలై ఆండాన్ మార్గమిదియే. విద్యకు కావలసినదంతయు అచట దొరకెను. ప్రతిదినము అయిదారు క్రొత్త ఫలితములు తెచ్చి చూపువానిని, వీటినెట్లు కనుగొంటివని అడిగి బాధించుట కూడ హాస్యాస్పదమని హార్డీకి తోచెను. అట్టిచోట, తిన్నావా, నిద్రించినావా, ఇంటినుండి ఉత్తరము వచ్చినదా యని అడుగుట ఎవరికి తోచును?

శాకాహారనియమము విడువని ఆయన కళాశాల భోజనశాలకు పోక గదిలోనే వండుకొనెడివాడు. యుద్ధము వచ్చి సామగ్రి దొరకుట కష్టమయ్యెను. ఇంటి ఉత్తరములు సరిగ అందలేదు. ఒకమారు స్వదేశీయులైన మిత్రులను భోజనమునకు పిలిచి తానే వండి వడ్డించెను. రెండుమారులు వడ్డించుకొన్న అతిథులు మూడవమారు చాలుననిరి. కొంతసేపటికి చూడగా వడ్డించువాడు లేడు. నాలుగు దినములకు ఆక్స్‌ఫర్డునుండి అయిదు పౌనులు పంపుమని తంతి వచ్చెను. పిలిచి పెట్టిన అన్నమును కాదనిరని అవమానపడి వెడలిపోయినాడట. నలువదిమూడు మార్కుల స్నేహితునితో మాటలు మానిన బాలుడును, విశాఖకు పారిపోయిన యువకుడును, ఈ గణితవేత్తయు ఒక్కరే. 1917లో వ్యాధి పట్టి చికిత్సాలయములలో ఒంటరిగ గడిపెను. 1918 తొలినెలలలో లండనులో నేలక్రింది రైలుమార్గమునకు అడ్డముగ దుమికెను. రైలు కొద్ది అడుగుల దూరమున ఆగుటచే బ్రతికెను. హార్డీ పోయి పోలీసులతో మాటలాడి విడిపించెను. ఆ యేడే మే నెలలో రాయల్ సొసైటీ సభ్యత్వము వచ్చెను, అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగ ఎన్నుకొనిరి. 1919లో స్వదేశమునకు వచ్చి, 1920 ఏప్రిల్ 26న ముప్పదిరెండవ యేట చెన్నపట్టణమున పరమపదించెను.

వ్యాధికి కారణము వేరు కావచ్చును, విధిని మార్చుట ఎవరితరము కాకపోవచ్చును. అయినను ఒకటి స్పష్టము. భగవద్రామానుజులకు యాదవప్రకాశుని పాఠశాలలో గాయమైననాడు బిందె యిచ్చి ప్రక్కన నడచిన కాంచీపూర్ణులు దొరకిరి. రామానుజన్‌కు కేంబ్రిడ్జిలో ఆండాన్ వంటి గురువు దొరకినాడు, కాంచీపూర్ణులు దొరకలేదు.

నేడు ఆంధ్రతెలంగాణములలో పదునైదేండ్ల బిడ్డలను ర్యాంకుల కొరకు వసతి కళాశాలలలో చేర్చు గృహస్థులు ఎందరో కలరు. వేదపాఠశాలకు పంపినను, ఇంజనీరింగు చదువునకు పంపినను తల్లిదండ్రుల ఆశ ఒక్కటియే. వారములో ఒకమారు ఫోను మ్రోగును. ఎన్ని మార్కులు, ఎన్నవ స్థానము అని తండ్రి అడుగును. హిరణ్యకశిపుడును ప్రహ్లాదుని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏమి నేర్చితివనియే అడిగెను. తాను కోరిన జవాబు రానపుడు ఆ బిడ్డను ఒడినుండి త్రోసివేసెను. ఒడి ఒక జవాబునకు కట్టుబడినదని బిడ్డకు తెలియు క్షణము అతి దారుణమైనది. అంతవరకు మొదటి స్థానమున ఉండి ఒకమారు మూడవదైన బిడ్డకు ఆ తెలివి త్వరగా కలుగును. తెలివి గలవాడు గదా!

ఇంటికి చుట్టములు వచ్చినపుడు బిడ్డను పిలిచి శ్లోకములు, ఎక్కములు అప్పగింపించుట మరియొక దురలవాటు. ప్రదర్శనమునకు అలవడిన బాలుడు తెలియనిదానిని తెలియదని చెప్పుట మరచును. అంతకంటె, వాడు అడుగు ప్రశ్నకు జవాబు తెలియనపుడు తండ్రి, నాకు తెలియదు, ఇద్దరము వెదకుదమని చెప్పిన చాలును. నారాయణయ్యరు పలక పట్టుకొన్నది అట్లే.

అలిపిరిలో శ్రీపాదమండపము దగ్గర పాదుకలను శిరస్సున ధరించి ప్రదక్షిణము చేయు యాత్రికులు నేటికిని వేలకొలది. ఆ స్థలమునకు సంప్రదాయము చెప్పు కారణము ఒక పాఠమే. శ్రీరామానుజులకు మేనమామయగు తిరుమలనంబి శ్రీరామాయణార్థమును ఒక సంవత్సరము చెప్పిరి. వృద్ధులైన వారు కొండ దిగి వచ్చి చెప్పుటచేత స్వామి మధ్యాహ్నారాధన సేవించుట తప్పిపోయినదని చింతించిరి. అంత స్వామి పాదముద్రలు అక్కడనే వెలసినవని భక్తుల నమ్మకము. శిశువు పుట్టిననాడు పేరు పెట్టినవారును ఆ మేనమామయే.

పాఠమునకు మునుపు జరిగినది ఒకటి కలదు. శ్రీరామానుజులు మొదటిమారు కొండ ఎక్కి వచ్చుచుండగా తిరుమలనంబి స్వయముగ ప్రసాదము పట్టుకొని ఎదురు వచ్చిరి. ఇంతటి పెద్దలు మీరు రావలెనా, ఎవరైన చిన్నవానిని పంపరాదా యని మేనల్లుడు నొచ్చుకొనిరి. తిరువీథులు నాలుగును వెదకితిననియు, తనకంటె చిన్నవాడు ఒక్కడును కనబడలేదనియు మేనమామ చెప్పిరి. ప్రసాదము పుచ్చుకొని ఇద్దరును కలిసి కోవెలవైపు నడచిరి.